గల్లాపెట్టె యెవరిది?



గడచిన శ్రావణమాసమున ఒక సోమవారము సాయంకాలము నా పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. ఇరువదియైదేండ్ల క్రిందట నా యొద్ద ఎనిమిదవ తరగతి చదివినవాడు. నేడు జహీరాబాదు ప్రాంతమున ఒక చిన్న పట్టణములో కిరాణా దుకాణము నడపుచున్నాడు. నలుగురు పనివారు కలరు. బేరము చక్కగనే సాగుచున్నదని ఊరివారందరు అనుకొందురు. అయినను అతని మొగమున కళ లేదు. కుశలప్రశ్నలైన పిదప అతడు తల వంచుకొని యిట్లడిగెను:

“సార్, మఠంలో పురాణం చెప్పినప్పుడు లక్కమ్మ కథ విన్నాను. భర్త ఎక్కువ బియ్యం తెస్తే, మనకెందుకు, పోసి రమ్మన్నదట. అదే ధర్మమైతే నేను దుకాణం ఎట్లా నడపాలి? ఏమీ మిగలకపోతే వ్యాపారమే లేదు. మిగిల్చుకుంటే శరణుల దారి తప్పినట్లా? ఇంట్లో మనశ్శాంతి లేదు. దుకాణంలో మనుషులు నిలవటం లేదు. ఆరు నెలల్లో ముగ్గురు మానేసినారు.”

వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. నేను పండిత శిక్షణ పొందినవాడనే కాని వర్తకమున శిక్షణ పొందినవాడను గాను. అయినను వర్తకుని కొడుకును. ఒక దుకాణము నా కన్నుల యెదుట క్షీణించి మూతపడుట చూచినవాడను. కావున అతని ప్రశ్నను త్రోసిపుచ్చలేక, కొన్ని దినములు ఆలోచించి, తోచినదానిని అతనికి చెప్పితిని. మన కుటుంబములలో చిన్న వ్యాపారములు చేయువారు అనేకులు కలరు. వారికిని ఉపయోగపడునేమో యని ఇచట వ్రాయుచున్నాను.

మొదట కాయకమను మాటను విచారింతము. కాయముతో చేయు పని కాయకమని శబ్దార్థము. శరణులు ఆ మాటకు ఇంతకంటె విస్తృతమైన అర్థమును కల్పించిరి. బ్రతుకుటకై చేయు పని సత్యశుద్ధముగ నుండవలెను. దాని ఫలము తన యొక్కని భోగమునకు గాక దాసోహమునకు చెందవలెను. ఈ రెండును కూడినపుడే పని కాయకమగును. 12వ శతాబ్దమున కల్యాణమున కూడిన శరణులలో మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. మేదర కేతయ్య వెదురు బుట్టలల్లెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. ఆదయ్య వర్తకుడు. బసవన తాను బిజ్జలుని కొలువున భాండాగారమును చూచువాడు. కావున ధనమును తాకుట, సరకు అమ్ముట, లెక్కలు వ్రాయుట శరణమార్గమునకు వెలియైన పనులని యెవరును అనజాలరు. ఏ పని యని గాక, ఆ పని చేయువాడు ఎట్టివాడని వారు చూచిరి.

పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున ఒక ఘట్టము కలదు. బసవన రాజధనమును జంగమార్చనకు వెచ్చించుచున్నాడని గిట్టనివారు బిజ్జలునితో చెప్పిరి. రాజు లెక్క చూపుమనెను. ధనమును లెక్కింపగా తక్కువ కాలేదు. భక్తులు దీనిని మహిమగా చదువుదురు, చదువవలసినదే. అయితే లెక్కల పుస్తకము ముందు కూర్చుండువాడు దీనియందు మరియొక పాఠమును కూడ చదువవచ్చును. లెక్క చూపుటకు బసవన వెనుదీయలేదు. తన చేతిలోని ధనము తనది కాదని ఎఱిగినవాడు లెక్క యడిగినందుకు కోపగించుకొనడు. తనదే యని తలంచువాడు మాత్రమే ‘నన్నే అడుగుదువా?’ అని మండిపడును.

ఇక లక్కమ్మ కథ. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు రాయచూరు సీమలోని అమరేశ్వర గ్రామమునుండి కల్యాణమునకు వచ్చినవారని సంప్రదాయము. బసవన మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యము వండి జంగమదాసోహము చేయుట లక్కమ్మ కాయకము. ఒకనాడు మారయ్య అనుభవగోష్ఠిలో మునిగి పనివేళ మరచెను. కాయకవేళ మించుచున్నదని లక్కమ్మ హెచ్చరించెను. అతడు త్వరత్వరగా పోయి, ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆమె ఆ ఎక్కువను చూచి, ఇది మనకేల, మరల అచటనే పోసి రమ్మని త్రిప్పి పంపెను.

మనము సాధారణముగ ఈ కథయొక్క రెండవ భాగమును మాత్రమే చెప్పుకొందుము. మొదటి భాగము కూడ ముఖ్యమైనదే. గోష్ఠి గొప్పదే యైనను అది పనివేళను మ్రింగివేయరాదని ఆమె తెలిపినది. ఆ యింట నాయకత్వమెవరిదో దీనివలన తెలియుచున్నది. ఆమె కేక వేయలేదు, నిందింపలేదు. వేళ అయినదని గుర్తు చేసినది. మారయ్యయు భార్య చెప్పినదే యని చిన్నబుచ్చుకొనక లేచి పోయినాడు. చెప్పగలుగుట, వినగలుగుట రెండును ఉన్నచోట నాయకత్వము చల్లగా సాగును.

ఇక రెండవ భాగము. లక్కమ్మ కొలిచినది బియ్యపు పరిమాణమును మాత్రమే కాదు. ఆ అధికమునకు ఆ యింట చేయవలసిన పని లేదు. ఆనాటి దాసోహమునకు కావలసినది ఎప్పటివలె వచ్చినది. తక్కినది రేపటి భయమునకో, పదిమందిలో గొప్పకో ఉపయోగపడును. ఆ రెండింటికిని ఆమె తన యింట చోటీయలేదు. దీనినిబట్టి నా విద్యార్థికి నేనిట్లు చెప్పితిని: దుకాణమున మిగిలిన ప్రతి రూపాయిని ‘నీకిచట ఏమి పని?’ అని ప్రశ్నింపుము. ‘సరకు తెప్పించుటకు, టోకు వర్తకుని బాకీ తీర్చుటకు, పనివాని జీతమునకు, వానకాలమున బేరము తగ్గినపుడు ఆదుకొనుటకు’ అని అది బదులు చెప్పినచో అది అధికము కాదు. అది కాయకములో భాగమే. విత్తనపు గింజ తిండిగింజ కానట్లే దుకాణపు మదుపు ఇంటి సొమ్ము కాదు. ఏ పనియు లేక, చూపించుకొనుటకో దాచుకొనుటకో మాత్రమే నిలిచిన రూపాయి లక్కమ్మ త్రిప్పి పంపిన బియ్యము వంటిది. కావున ఎంత మిగిలినదనుటకంటె గల్లాపెట్టె యెవరిదనుటయే అసలు ప్రశ్న.

ఈ మాట నేను పురాణమునుండి మాత్రమే నేర్చుకొనలేదు. మా నాయనగారి చిట్టానుండి నేర్చుకొంటిని. ఆయనకు కూడ కిరాణా దుకాణము ఉండెడిది. హైదరాబాదు బేగంబజారునుండి సరకు తెచ్చెడివారు. తూకమున ఆయనను వేలెత్తి చూపినవారు లేరు. 1983లో మా అక్కగారి వివాహమైనది. ఘనముగ జరిగినది. ఆ పిదప మూడేండ్లకు దుకాణము మూతపడినది. ‘అరువులవాళ్లు ముంచినారు’ అని మా నాయనగారు జీవితాంతము చెప్పుచుండిరి. మేమును అట్లే నమ్మితిమి. అరువు పెట్టినవారిలో కొందరు వీధిలో ఎదురైనపుడు నేను మొగము త్రిప్పుకొనెడివాడను.

ఆయన శివైక్యము చెందిన పిదప, పెట్టెలోని ఎఱ్ఱగుడ్డ అట్టల చిట్టా ఆవర్జాలు నా చేతికి వచ్చినవి. ఒక వేసవి సెలవులలో కూర్చుండి వానిని మొదటినుండి కూడితిని. 1983కు పూర్వము ‘ఇంటి ఖర్చు’ అని ప్రతి పద్దు స్పష్టముగ నుండెను. ఆ యేటినుండి ఆ మాట క్రమముగ మాయమై, ‘చేతికి’ అను పద్దు కనబడజొచ్చెను. ఎవరి చేతికి, దేనికొఱకు అన్న వివరము లేదు. మొత్తము కూడగా రాని బాకీలకంటె ఈ ‘చేతికి’ వ్రాసినది రెండింతలకు పైగా నుండెను. అరువులు దుకాణమును బలహీనపరచిన మాట నిజము. కాని దానిని పడగొట్టినది మా యింటివారమే. సొమ్ము ఇంటికి పోగా టోకు వర్తకుని బాకీ నిలిచినది. బాకీ నిలువగా సరకు తగ్గినది. సరకు తగ్గగా నగదుతో వచ్చువారు వేరొక దుకాణమునకు పోయిరి. మిగిలినవారిని నిలుపుకొనుటకు మా నాయనగారు మరింత అరువు పెట్టిరి. రోగము ఒకచోట, నొప్పి మరియొకచోట అనిపించినట్లు, మేము కడవరకు అరువులనే నిందించితిమి. ఆ రాత్రి నేను ఎవరెవరినుండి మొగము త్రిప్పుకొంటినో వారందరును గుర్తునకు వచ్చిరి.

కావున ఆత్మాభివృద్ధి యనునది వ్యాపారమునకు సంబంధింపని వేదాంతము కాదు. యజమాని లోపలి దోషము ఏదో యొక నాటికి చిట్టాలో పద్దుగా కనబడును. ఇట్టి దోషములలో మూడింటిని చెప్పెదను.

మొదటిది ఆశ. ఇల్లు, దుకాణము కలిసిపోవుట దాని రూపము. దీనికి మందు, యజమాని తనకు తాను జీతము వ్రాసికొనుట. దుకాణమున అతడు కూడ ఒక పనివాడే. నెలకు ఇంత యని ముందుగ నిర్ణయించుకొని, దానినే ఇంటికి తీసికొని, దానిలోనే ఇల్లు నడపవలెను. పండుగ వచ్చినను, పెండ్లి వచ్చినను గల్లాపెట్టెను తాకరాదు. తప్పనిసరియైనచో అప్పుగా వ్రాసి, అప్పువలెనే తీర్చవలెను. నేటి కాలమున ఈ జాగ్రత్త ఇంకను అవసరమైనది. 2016లో యూపీఐ వచ్చిన పిదప గల్లాపెట్టె ఫోనులోనికి మారినది. కొనువాడు పంపిన సొమ్ము, ఇంటి కరెంటు బిల్లు, పిల్లల చదువు రుసుము ఒక్క ఖాతాలోనే కలిసి ప్రవహించుచున్నవి. పూర్వము పెట్టె తెరచినపుడు చప్పుడైనను అయ్యెడిది. ఇప్పుడు ఆ చప్పుడు కూడ లేదు. కావున దుకాణమునకు వేరొక బ్యాంకు ఖాతా ఉండుట మొదటి నియమము.

రెండవది కోపము. దీనిని గూర్చి నా యనుభవమే చెప్పెదను. ఉద్యోగములో చేరిన క్రొత్తలో నేను బెత్తము చేతబట్టినవాడను. నా తరగతి నిశ్శబ్దముగ నుండెడిది. ప్రధానోపాధ్యాయులు మెచ్చుకొనెడివారు. పరీక్షాపత్రములు దిద్దినపుడు కాని నాకు తెలియలేదు, సంధులు అర్థమైనవా యని అడిగినపుడు తల యూపినవారిలో సగము మందికి అర్థము కాలేదని. వారు నాకు అబద్ధము చెప్పుట నేనే నేర్పితిని. దుకాణమునను ఇంతే. నా చిన్ననాట మా దుకాణమున పనిచేయు కుర్రవాడు నూనె డబ్బా జారవిడిచినపుడు మా నాయనగారు చేయి చేసికొనిరి. ఆ తరువాత అతడు మరల నూనె ఒలుకబోయలేదనుకొందురా? ఒలికినపుడు బస్తాలు అడ్డము పెట్టుట నేర్చుకొనెను. కోపిష్ఠియైన యజమానికి వార్తలు రావు. బెల్లము కరగుచున్నను, పప్పునకు పురుగు పట్టినను, కొనువాడు విసుగుకొని పోయినను అతనికి కడపట తెలియును. వార్త రాని దుకాణము నాడి దొరకని రోగి వంటిది. శాంతము సద్గుణమని నీతిశతకములు చదువువారికి మాత్రమే చెప్పుదుము. అది వర్తకునికి మదుపు కూడ.

మూడవది అహంకారము. ‘నేను లేనిదే ఇచట చీమ కదలదు’ అని గర్వముగ చెప్పు యజమానులు కలరు. అది నిజమే యైనచో అతడు దుకాణమును కట్టలేదు, తన చుట్టును ఒక చెర కట్టుకొనెను. అతనికి జ్వరము వచ్చినచో దుకాణమునకు జ్వరము వచ్చును. పనివానికి ఒక పని నేర్పి, తాళపుచెవి చేతికిచ్చి, పొరపాటు జరిగినను ఓర్చుకొని మరల నేర్పుట నాయకత్వము. ఇది మాటలలో తేలిక, చేతలలో కష్టము. తాను చేసినచో నిమిషములో అగు పనిని ఇతరుడు పది నిమిషములు చేయుచుండగా చూచుచు ఊరకుండుటకు మనస్సునకు అభ్యాసము కావలెను. ఉపాధ్యాయుడు బల్లమీద లెక్క తానే చేసి చూపినంత కాలము విద్యార్థి నేర్వడు. సుద్దముక్కను వాని చేతికిచ్చి ప్రక్కకు తొలగినపుడు నేర్చును. యజమాని ఊరిలో లేనినాడు తూకము, మాట, లెక్క ఎట్లుండునో, ఆ దుకాణపు నిజమైన ఆరోగ్యము అంతయే.

మా నాయనగారు ఈ పాఠమును ఆలస్యముగ నేర్చుకొనిరి. దుకాణము మూసిన పిదప ఆయన వేరొకరి దుకాణమున గుమాస్తాగా చేరి, తొమ్మిదేండ్లు పనిచేసి, టోకు వర్తకుని బాకీని కాసు మిగులకుండ తీర్చిరి. అచట పడుచు పనివారు ఏ పొరపాటు జరిగినను ముందుగ ఆయనయొద్దకే వచ్చెడివారు. ఆయన కసరుకొనక, చొక్కా చేతులు మడచి, వారితో కూడ బస్తా పట్టెడివారు. యజమానిగ నున్నపుడు రాని నాయకత్వము గుమాస్తాగ నున్నపుడు ఆయనకు వచ్చినది. నాయకత్వము ఆసనమును బట్టి రాదని నాకు అపుడు తెలిసినది.

పనివారిని గూర్చి చట్టములు కూడ కొంత చెప్పుచున్నవి. 14 ఏండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకొనరాదని 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించి మరింత గట్టిచేసిరి. బడి వేళ ముగిసిన పిదప సొంత కుటుంబపు పనిలో తోడ్పడుటకు మాత్రము మినహాయింపు కలదు. దుకాణములలో దినమంతయు నిలుచుండి పనిచేయువారికి కూర్చుండుటకు ఆసనము ఏర్పాటు చేయవలెనని కేరళ 2018లోను, తమిళనాడు 2021లోను తమ చట్టములను సవరించినవి. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలు సరఫరా చేసిన సరకునకు కొనినవారు, ఒడంబడిక ఎట్లున్నను, 45 దినములు మించకుండ సొమ్ము చెల్లింపవలెనని 2006 నాటి చట్టము శాసించుచున్నది. ఈ చట్టములను చదువునపుడు నాకొక విచారము కలుగును. అలసినవానికి పీట వేయుటకు శాసనసభ కూడవలసి వచ్చినది! చట్టము పొలము గట్టు వంటిది. గట్టు దాటరాదు, నిజమే. గట్టు ఉన్నంత మాత్రమున పంట పండదు. పండించుట సేద్యగాని పని.

నా విద్యార్థి ఇచట అడ్డుపడి యొక మాట అడిగెను. “ఎదుటి దుకాణంవాడు తూకంలో తగ్గించి, ధర తగ్గించి అమ్ముతాడు సార్. నేను నిలిచేదెట్లా?” ఇది గట్టి ప్రశ్నయే. తూకమునకు చట్టము లేకపోలేదు. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, శేర్లు, వీశెలు, మణుగులు పోయి కిలోగ్రాములు వచ్చినవి. 2009లో క్రొత్త చట్టమును కూడ చేసిరి. తూకపురాయి మారినంత సులభముగ మనస్సు మారలేదు.

సత్యము పలికినవానికి తప్పక లాభము వచ్చునని నేను అతనికి హామీ ఇయ్యలేదు. అట్లు చెప్పుట కూడ ఒక తప్పుడు తూకమే. సత్యవంతుల దుకాణములు కూడ కొన్ని మూతపడును. నులియ చందయ్య కథను జ్ఞప్తి చేసితిని. త్రాడునకు తగిన వెలకంటె ఎక్కువ ధనము వచ్చినపుడు ఆయన సంతోషింపలేదు. వస్తువునకు తగిన వెలయే తనదనియు, మించినది తనది కాదనియు దానిని నిరాకరించెను. తక్కువ తూచి ఎక్కువ గుంజుటయు, ఎక్కువ వచ్చినపుడు మారుపలుకక పుచ్చుకొనుటయు ఒకే రోగమునకు రెండు రూపములని ఆ కథ చెప్పుచున్నది.

అయితే ఒకటి మాత్రము నేను చూచినదే చెప్పగలను. మా వీధిలోని తల్లులు చిన్నపిల్లల చేతికి డబ్బిచ్చి సరకునకు పంపునపుడు, ఏ దుకాణమునకు పొమ్మందురో గమనించితిని. దగ్గరలోనిది విడిచి దూరమైనదానికి పంపుట కూడ చూచితిని. లెక్క తెలియని పిల్లవానికి సరిగా తూచి, చిల్లర సరిగా ఇచ్చి, వీధి దాటువరకు చూచెడి దుకాణదారుని వారు ఎఱుగుదురు. ఆ నమ్మకము ఒక్కనాటిలో రాదు. ధర తగ్గించి దానిని కొనుటకు వీలుపడదు. ఎదుటివాడు తూకమున తగ్గించి సంపాదించునది ఆనాటికి అతని పెట్టెలో పడవచ్చును. కాని ఆ పనికి తోడ్పడిన గుమాస్తా యొక విద్య నేర్చుకొనును. యజమాని ఎదుట కొనువానిని మోసగింప నేర్చినవాడు, యజమాని లేనపుడు ఎవరిని మోసగించును? ఈ ప్రశ్నకు బదులు ఆ దుకాణదారుడే చెప్పుకొనవలెను.

ఇక దాసోహమును గూర్చి ఒక మాట. ఇది చెప్పుటకు కొంత సంకోచము కలదు, ఏలయన ఇది మఠములవారును చదువు పత్రిక. మన యుత్సవములలో పెద్ద మొత్తములిచ్చి, శిలాఫలకముమీద పేరు చెక్కించుకొను వర్తకులు కలరు. వారిలో పలువురు భక్తులే. అయితే పనివానికి రెండు నెలల జీతము బాకీ పెట్టి, టోకు వర్తకుని ఫోనుకు బదులీయక తప్పించుకొనుచు ఇచ్చిన విరాళము దాసోహమగునా? అది పనివాని సొమ్ము, టోకు వర్తకుని సొమ్ము. ఇచ్చువాడు ఇతరుల అన్నమును తన పేర వడ్డించుచున్నాడు. కాయకము శుద్ధము కానిచోట దాసోహము శుద్ధము కాజాలదు. కావున వరుస తప్పరాదు. సరకు ఇచ్చినవారి బాకీ మొదట. పనివారి జీతము పిదప. దుకాణమును నిలుపు నిధి ఆ వెనుక. తన జీతము ఆ తరువాత. ఆపైన మిగిలినది దాసోహమునకు. స్వాములవారు విరాళము స్వీకరించునపుడు ‘నాయనా, పనివారికి ఇచ్చితివా?’ యని ఒక్క మాట అడిగినచో, వేయి ప్రవచనముల పని ఆ యొక్క మాట చేయును. కొందరు పెద్దలు అడుగుచున్నారు కూడ. అందరును అడుగవలెనని నా ప్రార్థన.

ఈ మాటలన్నియు విని నా విద్యార్థి కొంతసేపు ఊరకుండెను. పిదప “సార్, నా జీతం ఎంత అని వ్రాసుకోవాలి?” అని యడిగెను. “నీవు చేసే పని మరొకరికి అప్పగిస్తే వానికి నెలకు ఎంత ఇస్తావో, అంతే” అంటిని. అతడు నవ్వెను. “నలుగురికీ ఇప్పుడు ఇస్తున్నది చూస్తే నాకు చాలా తక్కువే వస్తుంది సార్” అనెను. “అట్లయితే వారికి ఇస్తున్నది సరిపోతున్నదో లేదో కూడా తెలిసింది గదా” అంటిని. నవ్వు ఆగిపోయినది. అతడు నమస్కరించి వెడలిపోయెను.

దీపావళికి అతడు క్రొత్త చిట్టా తీసికొని మరల వచ్చెను. మొదటి పుటలో పనివారి జీతములు, వాని క్రింద తన జీతము వ్రాసియుండెను. దుకాణమునకు వేరొక ఖాతా తెరచినాడట. పనివారికి రెండు ఎత్తుపీటలు చేయించినాడట. మానివేసిన ముగ్గురిలో ఎవరును తిరిగి రాలేదు. బేరమును పెరుగలేదు. అయితే ఒక సంగతి చెప్పెను. ఆ వారమున ఒక పనివాడు తానుగ వచ్చి, వెనుక గదిలోని బియ్యపు బస్తాకు పురుగు పట్టినదని తెలిపెనట. “ఇంతకుముందైతే చెప్పేవాడు కాదు సార్” అని ముగించెను.

నేను వానిని అభినందింపలేదు. చిట్టాను మూసి చేతికిచ్చి, మా నాయనగారి పాత చిట్టా పెట్టెలోనుండి తీసి, ‘చేతికి’ అన్న పద్దులున్న పుటను అతనికి చూపితిని. అతడు చాలసేపు చదివెను.